గెడ్డ గట్టు నడకబాట: ఈ వానలకు ఏం నాటుదాం, ఏం వదిలేద్దాం?

గట్టుమీద (చర్చ ప్రారంభించినవారు)

వానలు పట్టేలోపు ఒక మాట అనుకుందామని రాస్తున్నాను. విశాఖలో కంబాలకొండ అడవి వైపు నుంచి దిగే మన గెడ్డ (కొండవాగు) పక్కన నడకబాట పడింది. బాటకూ నీళ్ళకూ మధ్య సన్నటి నేల మిగిలింది. దాన్ని మళ్ళీ పిట్టలకూ ఉడుములకూ సీతాకోకచిలుకలకూ పనికొచ్చేలా చేయాలన్నదే ఆదివారం బృందం ఉద్దేశం. చెత్త ఏరడం వరకు ఎవరికీ అభ్యంతరం లేదు. తగువంతా ఆ తరువాతే మొదలైంది.

ఈ ఏడాది కల్వర్టు నుంచి తాటిచెట్ల గుంపు దాకా తీసుకుందామనుకుంటున్నాం. అక్కడ లాంటానా మనిషి ఎత్తున అల్లుకుంది. నీటి అంచున సర్కారు తుమ్మ. కొందరు పచ్చిక, బెంచీలు, పూలమొక్కలు కావాలంటున్నారు. కొందరు మొక్కలు కిక్కిరిసి నాటే మియావాకీ అడవి అంటున్నారు. ఒక దాత గుల్‌మొహర్ (ఎర్ర తురాయి) మొక్కలు ఎన్ని కావాలన్నా ఇస్తామన్నారు. గెడ్డకు రెండు పక్కలా కాంక్రీటు గోడ కడతారన్న మాట కూడా వినిపిస్తోంది.

అందరూ చెప్పండి. కాస్త మెత్తగా చెప్పండి, ఆదివారం అందరం ఒకచోటే పని చేయాలి.

వేపచెట్టు నీడ

వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని కాబట్టి లాంటానాతో మొదలుపెడతాను. పోయినసారి కొందరు కత్తులతో నరికి పోగులు పెట్టారు. ఆ మోళ్ళను ఇప్పుడు చూడండి, మునుపటికంటే గుబురుగా చిగిర్చాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య సి.ఆర్. బాబు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటి ఉంది. నేలకు ఒకటి రెండు అంగుళాల దిగువన తల్లివేరును కోసి, పొదను మొత్తంగా ఎత్తి తలకిందులుగా వదిలేయాలి. వేళ్ళు గాలికి ఎండిపోతాయి, తిరిగి నాటుకునే అవకాశం ఉండదు. గునపం, చిన్న గొడ్డలి చాలు. మందులు కొట్టవద్దు, కింద నీళ్ళున్నాయి.

పండ్లు నల్లబడకముందే చేయాలి. అవి పిగిలిపిట్టలకు ఇష్టం. తిని ఎక్కడ వాలితే అక్కడ విత్తనం వేస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తా తోటకు అందం కోసం తెచ్చిన అమెరికా మొక్క మన కొండల దాకా పాకిందంటే అందులో పిట్టల చలవ చాలా ఉంది.

వయ్యారిభామ కూడా బాట అంచున మొదలైంది. పూత రాకముందే వేళ్ళతో పీకాలి, చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి.

పిట్టలెక్క

మేడం చెప్పిన పద్ధతి సరైనదే. కానీ ఒకే ఏడాదిలో మొత్తం పీకేయవద్దని నా మనవి. ఆ లాంటానాలోనే ఇప్పుడు జెముడుకాకి దాక్కుంటోంది, పిగిలిపిట్టలు గూళ్ళు కడుతున్నాయి, ముంగిస పిల్లలతో తిరుగుతోంది. పొద చెడ్డదే, అయినా దాని వెనక దాక్కునేవాటికి మరో పొద లేదు. ఒక పట్టీ తీసి, అక్కడ వాక్కాయ, రేగు, బారింక, వావిలి నాటి, అవి మొలలోతు పెరిగాక పక్క పట్టీ తీద్దాం. నిదానంగా జరుగుతుంది, జరగనివ్వండి.

ఇంకొక విషయం. తాటిచెట్ల గుంపులో తల ఊడిపోయిన ఎండు తాడి ఒకటి ఉంది. దాన్ని కొట్టేయాలని ఎవరో ఎర్ర రంగు గుర్తు వేశారు. దయచేసి ఆపండి. పాలపిట్ట గూడు పెట్టేది అలాంటి తొర్రల్లోనే. రామచిలుకా అంతే. ఉమ్మడి రాష్ట్రంలో పాలపిట్ట రాష్ట్ర పక్షి, 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. రెంటికీ బిరుదులు ఇచ్చాం, ఇల్లు మాత్రం ఎండిపోయిందని కొట్టేస్తున్నాం.

మూడో వీధి

మీ అందరి ఉత్సాహం బాగుంది. కానీ ఇక్కడ రాసేవాళ్ళలో ఎంతమంది ఇంటి గోడ గెడ్డను ఆనుకుని ఉంది? మాది ఉంది. పోయిన వానాకాలం మా పెరటి కుళాయి దగ్గర పాము. మా అమ్మాయికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉంది. మీరు పొదలు పెంచుతామంటున్నారు, నీళ్ళు నిలవనిస్తామంటున్నారు, ఎండు చెట్లు ఉంచుతామంటున్నారు. మాకు కావలసింది శుభ్రమైన బాట. గడ్డి కోసి, చదును చేసి, దీపాలు పెట్టి, గోడ కడితే పిల్లలు భయం లేకుండా తిరుగుతారు. పిట్టలకు కంబాలకొండ ఉంది కదా, డెబ్బై చదరపు కిలోమీటర్లు! అది చాలదా?

ఉప్పుగాలి

మూడో వీధి గారి భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నేను బీచ్‌లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గుడ్లను కాపాడే పనికి వెళుతుంటాను. అక్కడా ఇదే మాట వింటాం: "సముద్రం అంత పెద్దది కదా, ఈ ఇసుకే కావాలా వాటికి?" కావాలండీ. సముద్రం ఎంత పెద్దదైనా గుడ్డు పెట్టేది ఒడ్డునే.

కంబాలకొండ మాటకొస్తే, ఆ అడవికి ఒక పక్క జాతీయ రహదారి, మిగతా పక్కల నగరం. అక్కడి జీవాలు బయటికి రావాలన్నా, వానకు కిందికి కొట్టుకొచ్చినవి పైకి వెళ్ళాలన్నా మిగిలిన దారి గెడ్డలే. చిరుతపులి సంగతి కాదు నేను చెప్పేది, గాభరా పడకండి. కప్పలు, ఉడుములు, ముంగిసలు, తూనీగల గురించి.

వేపచెట్టు నీడ

పాముల గురించి నేను చెబుతాను. పాము పొదను చూసి రాదు, ఎలుకను చూసి వస్తుంది. ఎలుక చెత్తను చూసి వస్తుంది. మన కాలనీ చివర ప్రహరీ పక్కన అన్నం, చికెన్ వ్యర్థాలు సంచుల్లో కట్టి విసిరే చోటు ఒకటి ఉంది, అందరికీ తెలుసు. అది తీయకుండా గడ్డి ఎంత కోసినా పాములు వస్తూనే ఉంటాయి. గెడ్డలో ఎక్కువగా కనిపించేవి నీరుకట్టె, జెర్రిపోతు. రెంటికీ విషం లేదు. జెర్రిపోతు ఎలుకలను తింటుంది, దాన్ని చంపితే ఎలుకలు పెరుగుతాయి.

అయితే నాగుపాము, రక్తపింజరి ఉండవని నేను అనను. పనికి వచ్చేవాళ్ళు మోకాలి దాకా బూట్లు వేసుకోవాలి, కర్రతో కదిపి చూశాకే పొదలో చేయి పెట్టాలి, రాయిని తమ వైపు కాకుండా అవతలి వైపుకు దొర్లించాలి. ఎవరినైనా కరిస్తే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయవద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి నేరుగా ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్ళాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి ఒకే విరుగుడు మందు ఉంటుంది కాబట్టి పామును పట్టుకుని వెంట తీసుకెళ్ళే సాహసం అనవసరం.

గోడ పక్కన ఇళ్ళున్నవారి కోసం ఒక ప్రతిపాదన. ప్రహరీ నుంచి రెండు మీటర్ల వరకు గడ్డి పొట్టిగా కోసి ఉంచుదాం. అక్కడ పొద వద్దు, రాళ్ళ గుట్ట వద్దు, కట్టెల పోగు వద్దు. ఆ అవతల, నీటి వైపు మాత్రం మన చేయి పడకుండా వదిలేద్దాం.

మూడో వీధి

రెండు మీటర్లు సరే అనుకుందాం. దోమల మాట?

పిట్టలెక్క

డెంగీ దోమ గెడ్డలో పుట్టదండీ. ఏడెస్ దోమకు శుభ్రమైన నిలవ నీళ్ళు కావాలి: కూలరు అడుగున, పూలకుండీ పళ్ళెంలో, మేడ మీద పడేసిన టైరులో, మూత లేని డ్రమ్ములో. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. గెడ్డలో పుట్టేది క్యూలెక్స్, అదీ మురుగు కదలకుండా నిలిచిన చోట. నీళ్ళు పారుతూ ఉంటే, వాటిలో తూనీగ పిల్లలూ చిన్న చేపలూ ఉంటే దోమ పిల్లలు బతకడం కష్టం. మన గెడ్డలో నీళ్ళు నిలవడానికి కారణం గడ్డి కాదు. కల్వర్టు కింద ఇరుక్కున్న పరుపు, ప్లాస్టిక్ సంచులు, పైన కొన్ని అపార్టుమెంట్ల నుంచి నేరుగా వదిలిన మురుగు పైపులు.

మూడో వీధి

అయితే గంబూసియా చేపలు వదులుదాం. మా ఆఫీసు దగ్గర గుంటలో వదిలారు.

పిట్టలెక్క

అది మాత్రం వద్దు. దోమలను తింటుందని అమెరికా నుంచి ప్రపంచమంతా తిప్పిన చేప అది. కప్ప పిల్లలనూ మన చిన్న చేపల గుడ్లనూ కూడా తింటుంది. ప్రపంచంలో అత్యంత హాని చేస్తున్న 100 పరాయి జీవుల జాబితాలో దాని పేరుంది. కప్పలూ తూనీగలూ లేకుండా చేసి దోమల మీద యుద్ధం గెలవలేం. మూసిన తొట్టిలో వదులుకుంటే అది వేరు సంగతి. పారే గెడ్డలో వదిలితే వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు.

సర్వేరాయి

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. గోడ మాట వచ్చింది కాబట్టి కలుగజేసుకుంటున్నాను. ఉద్యోగంలో ఉండగా కాలువలకు గోడలు కట్టించినవాణ్ణే. గోడ అంటే చెడ్డది, మట్టి గట్టు అంటే మంచిది అని నేను చెప్పను. ఎక్కడ అన్నదే ముఖ్యం.

కొండ వాలు మీద పడిన వాన గంటలో కిందికి వచ్చేస్తుంది. మన నగరం పడుకున్నదే కొండకూ సముద్రానికీ మధ్య కాబట్టి గెడ్డలన్నీ పొట్టివి, వాలు ఎక్కువ. రెండు పక్కలా నున్నటి కాంక్రీటు కట్టి అడుగు కూడా కప్పేస్తే నీటి వేగం ఇంకా పెరుగుతుంది. తోట పైపు చివర బొటనవేలు అడ్డుపెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. మన దగ్గర కోత ఆగుతుంది, కింది కాలనీలో గట్టు ఊడుతుంది. నీళ్ళు నేలలోకి ఇంకడం ఆగిపోతుంది, బోర్లు ఎండుతాయి.

మలుపు దగ్గర మాత్రం మూడు నాలుగు ఇళ్ళ పునాదులు గట్టుకు బాగా దగ్గరగా ఉన్నాయి. అక్కడ ఏదో ఒకటి కట్టకపోతే ప్రమాదం. అక్కడ తీగ బుట్టల్లో రాళ్ళు పేర్చే గాబియన్ కట్ట వేయవచ్చు. రాళ్ళ సందుల్లో మట్టి చేరుతుంది, మొక్క మొలుస్తుంది, ఉడుము కూడా దూరుతుంది. మిగతా వాలు మీద కొబ్బరి పీచు చాపలు పరిచి వట్టివేరు పిలకలు వరుసగా నాటితే చాలు. వట్టివేరు వేరు అడ్డంగా పాకదు, నిలువుగా మూడు నాలుగు మీటర్లు దిగుతుంది. వావిలి కొమ్మలు గుచ్చినా నాటుకుంటాయి. మన ఎర్రమట్టి వానకు ఎలా కరుగుతుందో భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలను చూసినవారికి చెప్పనవసరం లేదు. నేలకు పట్టు ఇచ్చేవి వేళ్ళే.

పిట్టలెక్క

సర్వేరాయి గారూ, మీరు ఈ మాట సంబంధిత ఇంజనీర్లకు రాతపూర్వకంగా ఇవ్వగలరా? ఎందుకంటే మీరు చెప్పని కారణం ఇంకొకటి ఉంది. తాటిచెట్ల ఎదురుగా నిలువుగా కోసుకుపోయిన మట్టి గట్టు ఉంది కదా, అందులో గుండ్రటి కన్నాలు చూశారా? కొన్ని లకుముకి పిట్టవి, కొన్ని పసిరిక పిట్టవి. ఇవి చెట్టు మీద గూడు కట్టవు. గట్టులో అడ్డంగా సొరంగం తవ్వి లోపల గుడ్లు పెడతాయి. కాంక్రీటు పడిన రోజు వాటి ఇల్లు పోయినట్టే. చుట్టూ వెయ్యి చెట్లు నాటినా వాటికి ఉపయోగం లేదు.

చాలామంది అక్కడ వాలు సరిచేసి గడ్డి వేద్దామంటున్నారు. ఆ నిలువు గట్టును అలాగే ఉంచడమే మనం చేయగల సాయం. పైన నడిచేవాళ్ళు జారకుండా ఒక తాడు కడితే సరిపోతుంది.

సర్వేరాయి

రాసి ఇస్తాను. కొలతలతో గీసిన చిత్రం కూడా జతచేస్తాను. ఆ గట్టు దగ్గర గోడ అవసరమే లేదు.

తేగలబుట్ట

మాది భీమిలి అవతల పల్లె, ఇప్పుడు ఆరిలోవలో ఉంటున్నాను. పుస్తకాల చదువు లేదు కానీ విత్తనం సంగతి తెలుసు, అది చెబుతాను.

నర్సరీ నుంచి ఐదడుగుల మొక్కలు తెస్తే ఫొటోకి బాగుంటాయి, బతకడానికి కాదు. సంచిలో వేరు చుట్టలు తిరిగి ఉంటుంది. మోకాలెత్తు మొక్క తీసుకోండి. వీలైనవి విత్తనమే వేయండి. వేప గింజ, నేరేడు గింజ ఈ వానల్లోనే రాలతాయి, రెండు వారాలు దాటితే మొలక తగ్గిపోతుంది. రాలిన వారంలోనే నేలలో పడాలి. కానుగ కాస్త ఆగుతుంది. తాటి టెంకలు ఆగస్టు, సెప్టెంబరులో వేద్దాం. జానెడు లోతు గుంటలో ఒక్కో టెంక పెట్టి మట్టి కప్పడమే. నీళ్ళు అక్కరలేదు, కంచె అక్కరలేదు, మేక కూడా ముట్టదు.

ఒకటే చిక్కు. పోయిన ఏడాది వేసిన వరుసను సంక్రాంతి నాటికి పిల్లలు తవ్వుకుపోయారు. తేగలు కదా మరి! కాల్చుకు తిన్నారట. నాకు కోపం రాలేదు, మా ఊళ్ళో మేమూ అదే పని చేసేవాళ్ళం. ఈసారి రెండు వరుసలు వేద్దాం. బాట పక్క వరుస పిల్లలకు, గట్టు వరుస గెడ్డకు. పిల్లలకు ముందే చెప్పేద్దాం.

గట్టుమీద

రెండు వరుసల ఆలోచన నాకు చాలా నచ్చింది. ఇప్పుడు మియావాకీ, గుల్‌మొహర్ విషయాలు తేల్చాలి. దాత రోజూ ఫోను చేస్తున్నారు.

వేపచెట్టు నీడ

గుల్‌మొహర్ మడగాస్కర్ చెట్టు. పూసినప్పుడు అందంగా ఉంటుంది, కాదనను. కానీ 2014 అక్టోబరు 12 మన ఊళ్ళో ఎవరు మరిచిపోయారు? హుద్‌హుద్ మరునాడు రోడ్ల మీద పడుకున్న చెట్లలో ఎర్ర తురాయి, పచ్చ తురాయి ఎన్ని! తాటిచెట్లు మాత్రం మట్టలు పోయినా నిలబడ్డాయి. తుపాను దారిలో ఉన్న ఊరికి పైపై వేళ్ళు, పెళుసు కొమ్మలు ఉన్న చెట్టు పనికిరాదు. దాతకు నేను మాట్లాడతాను. ఆ డబ్బుతోనే కానుగ, మేడి, నేరేడు, రేల, మోదుగ కొనిపిద్దాం. మేడి ఒక్కటి పెరిగితే చాలు, కాయల కాలంలో పిట్టలను వెతుక్కోవలసిన పని ఉండదు.

కోనోకార్పస్ పేరు ఎవరూ ఎత్తవద్దు. త్వరగా పెరుగుతుందని అన్ని ఊళ్ళ డివైడర్ల మీద నాటారు. దాని ఆకు మన పురుగు తినదు, దాని పండు మన పిట్ట తినదు. పచ్చగా ఉంటుంది, అంతే.

మియావాకీ గురించి నాకు అంత వ్యతిరేకత లేదు. అకిరా మియావాకీ జపాన్‌లో చేసింది గొప్ప పని. చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు కిక్కిరిసి నాటితే వెలుగు కోసం పోటీపడి పెరుగుతాయి. కానీ మన కొండ దిగువ నేల స్వభావం దట్టమైన అడవి కాదు. ముళ్ళ పొదలు, మధ్యమధ్య గడ్డి, అక్కడక్కడా తాడి, ఈత. అంతా మూసేస్తే గడ్డి మీద బతికే జీనువాయిలకూ నేల మీద గుడ్డు పెట్టే తీతువుకూ చోటుండదు. రోడ్డు పక్క మూలలో దుమ్ము, హారన్ల చప్పుడు ఆపడానికి ఒక చిన్న ముక్క వేసుకుందాం. మిగతా నేల జోలికి వద్దు.

ఉప్పుగాలి

విత్తన బంతుల మీద మీ అభిప్రాయం కూడా చెప్పండి మేడం. మా ఆఫీసులో ప్రతి జూన్‌లో బస్సులో తీసుకెళ్ళి విసిరిస్తారు, టోపీలు కూడా ఇస్తారు.

వేపచెట్టు నీడ

టోపీలు ఉంచుకోండి.

ఎండాడ పాఠకురాలు

నాకు చెట్ల గురించి పెద్దగా తెలియదు, సీతాకోకచిలుకలంటే ఇష్టం. లాంటానా తీసేస్తే అవి పోవా? ఎప్పుడు చూసినా ఆ పూల మీదే ఉంటాయి.

పిట్టలెక్క

పూల మీద వాలేది తేనె కోసం. గుడ్డు పెట్టడానికి ఒక్కొక్క జాతికి ఒక్కొక్క ఆకు కావాలి, గొంగళిపురుగు అదే తింటుంది. నారింజ రెక్కలకు నల్ల అంచు ఉండే టైగర్ సీతాకోకకు జిల్లేడు. నిమ్మ జాతి సీతాకోకకు మారేడు, కరివేపాకు. రేల చెట్టు కింద నిలబడితే లేత పసుపువి గుంపుగా కనిపిస్తాయి. ఈశ్వరి తీగ ఎక్కించగలిగితే ఎర్ర ఒంటివి వస్తాయి. జిల్లేడును పిచ్చిమొక్క అని పీకేయకుండా ఉంటే సగం పని అయినట్టే. ఆకులకు కన్నాలు పడితే మందు కొట్టకండి, అదే మనకు కావలసింది.

ఎండాడ పాఠకురాలు

మా ఇంట్లో కరివేపాకు మొక్కను గొంగళిపురుగులు తినేస్తే నేను రోజూ తీసి పారేస్తున్నాను! సరే, గెడ్డ పక్కన వేరే చెట్టు వేద్దాం, వాటికి అదే వంటిల్లు. మా ఇంటి చెట్టు మాత్రం సాంబారుకు.

రాత్రి డ్యూటీ

దీపాల గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను రాత్రి పన్నెండు తరువాత ఆ బాటలో ఇంటికి వస్తాను, కాబట్టి దీపాలు వద్దని మాత్రం అనను. కానీ ఇప్పుడు పెట్టిన తెల్లటి ఎల్ఈడీలు నీళ్ళ వైపు కూడా పగలు చేసేస్తున్నాయి. తెల్లటి వెలుగుకు పురుగులు ఎక్కువగా చేరి చచ్చిపోతాయి, మిణుగురులకు ఆ వెలుగులో జత దొరకదు. లేత పసుపు దీపం, పైన మూత, బాట మీదికి మాత్రమే పడేలా వంచితే నాకూ దారి కనిపిస్తుంది, గెడ్డకూ చీకటి ఉంటుంది. స్తంభం ఎత్తు కూడా తగ్గించవచ్చు.

మూడో వీధి

వంచిన దీపానికి నాకు అభ్యంతరం లేదు. ప్రస్తుత దీపం మా పడకగదిలోకి కొడుతోంది.

కుక్కల సంగతి కూడా చూడండి. కల్వర్టు దగ్గర ఒకాయన రోజూ అన్నం పెడుతున్నారు. గుంపు పెరిగింది. పోయిన నెల ఉడుమును చీల్చేశాయి, మా పిల్లలే చూశారు.

గట్టుమీద

ఇది సున్నితమైన విషయం. కుక్కలను తరిమేయమని ఎవరూ అనరు, చట్టం ఒప్పుకోదు కూడా. కుక్కలకు శస్త్రచికిత్స చేసి టీకా వేసి అదే చోట వదలాలన్నది నిబంధన. అన్నం పెట్టే ఆయనతో నేను మాట్లాడాను. గెడ్డకు దూరంగా వీధి చివర పెట్టడానికి, పిలిచినప్పుడు కుక్కలు చేతికి అందేలా సాయపడటానికి ఒప్పుకున్నారు. తీతువు గుడ్లు పెట్టే వేసవి నెలల్లోనైనా ఆ కంకర నేల వైపు కుక్కలు రాకుండా చూడాలి.

ఇంకొక మనవి. రాలిన ఆకులను పోగేసి తగలబెట్టే అలవాటు ఆపుదాం. మొక్కల మొదట్లో కప్పితే వేసవిలో తడి నిలుస్తుంది. మొదటి వేసవి దాటించడమే కష్టం. మెడ దాకా పాతిన మట్టికుండలో నీళ్ళు పోస్తే మెల్లగా ఊరుతూ రోజుల తరబడి వేరుకు అందుతాయి. పాత కుండలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఇవ్వండి.

తేగలబుట్ట

కుండలు నేను తెప్పిస్తాను. చిల్లు చిన్నదైనా పరవాలేదు, పగిలినవి వద్దు.

సర్వేరాయి

సర్కారు తుమ్మ కొట్టే ముందు ఒకసారి అటవీ శాఖవారిని అడగండి. నీరు, నేల, చెట్ల కోసం చేసిన వాల్టా చట్టం, 2002 ప్రకారం చాలా రకాల చెట్లు కొట్టడానికి అనుమతి కావాలి. పనికిమాలిన చెట్టే కదా అని మనం అనుకుంటే సరిపోదు. పైగా నీటి అంచున వాటి వేళ్ళే ఇప్పుడు గట్టును పట్టి ఉంచాయి. వట్టివేరు కుదురుకున్నాక తీయడం మేలు. పైన నరికితే మళ్ళీ చిగిరిస్తుంది, మొదలు కింద దాకా తవ్వాలి.

పిట్టలెక్క

ఎవరు ఏ పిట్టను చూసినా పిట్టల లెక్క రాసే యాప్ ఈబర్డ్‌లో, మొక్కో పురుగో అయితే ఐనేచురలిస్ట్‌లో పెట్టండి. పని మొదలయ్యే ముందు ఏముందో లెక్క ఉంటేనే తరువాత ఏం పెరిగిందో తెలుస్తుంది. ఫిబ్రవరిలో పెరటి పక్షుల లెక్క కూడా జరుగుతుంది, అందులో మన గెడ్డనూ చేర్చవచ్చు. గూళ్ళున్న చోటు మాత్రం ఫోను సమూహాల్లో చెప్పకండి, చిలుక పిల్లలను పట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. గూటి ముందు నిలబడి ఫొటోలు తీయడం కూడా వద్దు.

గిజిగాళ్ళ సంగతి చెప్పడం మరిచిపోయాను. నీళ్ళ మీదికి వంగిన ఈత చెట్టుకు పాత గూళ్ళు వేలాడుతున్నాయి. వానల్లో మళ్ళీ కడతాయి. మగపిట్ట సగం కట్టి ఆగుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే మిగతాది. ఆ నారంతా అవి చీల్చేది పొడుగు గడ్డి, ఈతాకుల నుంచే. అందుకే ఆ చెట్టు చుట్టూ రెల్లు, తుంగ కోయవద్దు. కోత యంత్రం తెచ్చే అబ్బాయికి ఎవరైనా ముందే చెప్పండి.

మూడో వీధి

ఆ కోత యంత్రం మాట్లాడింది నేనే. ప్రహరీ పక్క రెండు మీటర్లు కోయమంటాను, అవతలికి వెళ్ళవద్దంటాను. కానీ ఆ చెత్త విసిరే చోటు ఈ ఆదివారమే తీయాలి. అది ఉన్నంత వరకు మీరు పాముల గురించి చెప్పే మాట మా వీధిలో ఎవరూ నమ్మరు. మావాళ్ళు నలుగురైదుగురు వస్తారు.

గట్టుమీద

అయితే ఆదివారం మొదటి పని అదే, ఆ తరువాతే లాంటానా. పొద్దున్నే ఆరు గంటలకు కల్వర్టు దగ్గర. బూట్లు, చేతి తొడుగులు, టోపీ. గునపాలు తక్కువగా ఉన్నాయి. ఎండు తాడి మీద ఎర్ర గుర్తు తుడపడానికి సున్నం కూడా కావాలి. దాతతో మేడం మాట్లాడాక ఇక్కడే చెబుతారు. గోడ గురించి సర్వేరాయి గారి ఉత్తరం ఇచ్చాక వచ్చే జవాబును బట్టి ఆలోచిద్దాం.

మూడో వీధి

మా ఇంట్లో రెండు గునపాలు ఉన్నాయి. టీ మేమే ఇస్తాం, పోయినసారిలా ప్లాస్టిక్ కప్పులు మాత్రం గెడ్డలో తేలకూడదు.

ఉప్పుగాలి

స్టీలు గ్లాసులు నేను తెస్తాను. కడిగేది ఎవరో ఇప్పుడే తేల్చుకుందాం.